అమ్మ అన్న మాటను ఏ వేలు రాస్తుంది?

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు ఒడిశాలోని పర్లాకిమిడిలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తల్లులకు, పిల్లలకు నమస్కారం.

మీ ఎడమ చేతిని ఒక్కసారి మోకాలి మీద ఆనించి, మధ్య వేలితో నాలుగు సార్లు కొట్టండి. ప్రభుత్వం ప్రమాణంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద 'అమ్మ' అని రాయడమంటే ఇంతే. షిఫ్ట్ పట్టుకుని డి మీట కొడితే అ వస్తుంది, సి మీట కొడితే మ వస్తుంది, మళ్ళీ డి కొడితే పొల్లు, మళ్ళీ సి కొడితే కింద మకారం వత్తు. టైపు నేర్పే పద్ధతి ప్రకారం డి, సి రెండూ ఎడమ చేతి మధ్య వేలికి చెందిన మీటలు. కుడి చెయ్యి షిఫ్ట్ పట్టుకోవడానికి తప్ప ఇంక దేనికీ కదలదు. 'మామ' అని రాయండి, పరిస్థితి ఇంకా కష్టంగా ఉంటుంది. మకారం కింది వరుసలో సి మీద, దీర్ఘం పై వరుసలో ఇంగ్లీషు ఇ మీద ఉన్నాయి. అదే మధ్య వేలు కింది వరుస నుంచి నడి వరుసను దాటి పైకి ఎగిరి, మళ్ళీ కిందికి దిగాలి. 'నాన్న' అన్న మాటలో ఐదు దెబ్బలూ ఎడమ చేతివే. అదే 'అక్క' అని కొట్టి చూడండి: అకారం, పొల్లు ఎడమ చేతికి, రెండు కకారాలు కుడి చేతికి వచ్చి, మద్దెల మీద రెండు చేతులు వంతులు వేసుకున్నట్టు మాట పూర్తవుతుంది. 'అత్త', 'తాత' కూడా అంత హాయిగానే వస్తాయి.

ఒకే ఇంట్లోని మనుషుల్లో అక్కకు, తాతకు దక్కిన సుఖం అమ్మకు, నాన్నకు ఎందుకు దక్కలేదన్నదే ఈ సాయంత్రం నేను మాట్లాడదలచిన విషయం.

నేను పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో డీటీపీ పని చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, అర్జీలు, బిల్లు పుస్తకాలు, కర్మకాండ కార్డులు నా చేతి మీదుగా వెళ్ళాయి. మనది సరిహద్దు ఊరు కాబట్టి శుభలేఖకు ఒక వైపు తెలుగు, రెండో వైపు ఒడియా ఉండటం ఇక్కడ మామూలు విషయం. వధువుది పాతపట్నం, వరుడిది గుణుపురం అయితే రెండు వైపులా చుట్టాలు చదువుకోవాలి కదా. అంటే ఒకే చెయ్యి ఒకే పూటలో రెండు భాషలు కొట్టాలి. నా దగ్గర పని నేర్చుకున్న ఒక అమ్మాయి కొన్నేళ్ళ కిందట నాతో, "మాస్టారూ, ఒడియా కొట్టినంతసేపూ బాగానే ఉంటుందండీ, తెలుగుకి వచ్చేసరికి ఈ వేలు లాగేస్తోంది" అని ఎడమ చేతి చిటికెన వేలు చూపించింది. కుర్చీ ఎత్తు మార్చుకోమన్నాను, మణికట్టు వంచవద్దన్నాను. అవి మంచి మాటలే గాని ఆమె అడిగిన దానికి జవాబు కావు. జవాబు మీటల అమరికలో ఉందని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

ఆ అమరికను తప్పు పట్టే ముందు దాని గొప్పతనం చెప్పాలి. కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ లిపులన్నింటికీ ఒకే కీబోర్డును ప్రతిపాదించింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ 13194 ప్రమాణంలో అది చేరింది. అచ్చులూ వాటి గుణింతపు గుర్తులూ ఎడమ వైపున, హల్లుల్లో అధిక భాగం కుడి వైపున ఉంటాయి. క మీట మీదే షిఫ్ట్‌తో ఖ వస్తుంది. దాని సరిగ్గా పైన గ, షిఫ్ట్‌తో ఘ. అలాగే త మీద ద, చ మీద జ, ట మీద డ, ప మీద బ. వర్గానికి ఒక నిలువు గీత చొప్పున, బడిలో నేర్చుకున్న వర్ణమాల వేళ్ళ కింద పరుచుకుని ఉంటుంది. అన్నింటికంటే ముఖ్యంగా, తెలుగు క ఏ మీట మీద ఉందో ఒడియా క కూడా ఆ మీట మీదే ఉంటుంది. తెలుగులో చెయ్యి తిరిగినవాడు భాష మార్చే మీట నొక్కి, మరో పాఠం నేర్చుకోకుండా ఒడియా కొట్టగలడు. రెండు భాషల మధ్య బతికే మనలాంటి వాళ్ళకు ఇది చిన్న సదుపాయం కాదు. మన దుకాణాల్లో ఆపిల్, మాడ్యులర్ అనే వేరే తెలుగు అమరికల మీద వేగంగా కొట్టే సీనియర్లు ఉన్నారు, వాళ్ళ పనితనానికి నా నమస్కారం. కాని ఆ వేగం తెలుగు దగ్గరే ఆగిపోతుంది.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి మన పిల్లలందరికీ అలవాటే. దాని వల్ల తెలుగు అంతర్జాలంలో ఎంతో పెరిగింది, ఆ మేలు మరిచిపోకూడదు. అయితే అందులో తలకట్టుకు కూడా ఒక మీట కొట్టాలి. 'కమలం' అన్న మాట ఇన్‌స్క్రిప్ట్‌లో నాలుగు దెబ్బలు, ఇంగ్లీషు అక్షరాల్లో ఏడు. రోజుకు పది పేజీలు కొట్టే చేతికి ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది.

చేతికి సుఖమైన అమరిక అంటే ఏమిటన్న ప్రశ్నను ఇంగ్లీషు విషయంలో పట్టుదలగా అడిగినవాడు ఆగస్ట్ డ్వొరాక్ అనే అమెరికన్ ఆచార్యుడు. ఆయన తన అమరికకు 1936లో పేటెంటు పొందాడు. ఎక్కువగా వచ్చే అక్షరాలు నడి వరుసలో ఉండాలి, అచ్చులు ఒక చేతికీ ఎక్కువగా వాడే హల్లులు రెండో చేతికీ రావాలి, ఒకే వేలు వెంటవెంటనే రెండు మీటలు కొట్టవలసిన అవసరం తక్కువగా ఉండాలి, బలహీనమైన వేళ్ళకు తక్కువ పని పడాలి అన్నది స్థూలంగా ఆయన మార్గం. దాని వల్ల వేగం పెరుగుతుందా అన్నదాని మీద వాదన ఇప్పటికీ తెగలేదు. 1956లో అమెరికా ప్రభుత్వం తరఫున స్ట్రాంగ్ అనే ఆయన చేసిన పరీక్షలో పాత అమరికలో ఉన్నవారిని కొత్తదానికి మార్చడం వల్ల లాభం కనబడలేదు. అందుకే నేను వేగం పేరు చెప్పి ఎవరినీ ఒప్పించను. నా దృష్టి అంతా వేళ్ళు ఎంత దూరం నడుస్తున్నాయి, ఏ వేలు అలసిపోతోంది అన్నదాని మీదే.

మనకు ఎక్కువ పనికొచ్చే పాఠం తుర్కియేలో ఉంది. అక్కడ ఇహ్సాన్ యెనెర్ అనే టైపు ఉపాధ్యాయుడి చొరవతో, దాదాపు 30 వేల తుర్కీ పదాల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో ముందు లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారం అక్షరాలను వేళ్ళకు పంచి, 1955లో ఎఫ్ కీబోర్డు అనే అమరికను ప్రమాణంగా తెచ్చారు. వాళ్ళు ఇంగ్లీషు అమరికకు తమ అక్షరాలను అతికించి సరిపెట్టుకోలేదు. తమ భాష ఏమంటోందో ముందు విన్నారు. తుర్కీ కూడా మన తెలుగులాగే ప్రత్యయాల మీద ప్రత్యయాలు చేర్చుకుంటూ పోయే భాష. అలాంటి భాషలో ఒక ప్రత్యయం చేతికి అందని చోట ఉంటే ఆ కష్టం ప్రతి వాక్యంలోనూ పడవలసి వస్తుంది.

రెండో పాఠం తమిళం నేర్పింది. 1999 నాటి తమిళ్99 అమరికలో ఒకే హల్లును వరుసగా రెండు సార్లు కొడితే మధ్యలో పుళ్ళి, అంటే మన పొల్లు, దానంతట అదే వచ్చి ద్విత్వం తయారవుతుంది. ద్విత్వాలు విస్తారంగా ఉన్న భాష తన స్వభావాన్ని గుర్తించి చేసుకున్న ఏర్పాటు ఇది. మన భాషలో ద్విత్వాలు తక్కువా? అన్న, అక్క, అవ్వ, చెట్టు, పుట్ట, గడ్డి, బియ్యం, పళ్ళు, ఇల్లు, వచ్చి, చెప్పి, ఇప్పుడు, ఉన్నారు. ఇంత నాటు సంపద ఉండి, ప్రతిసారీ మధ్యలో పొల్లు విడిగా కొడుతున్నాం.

ఇప్పుడు మన కీబోర్డు లోపాలకు వస్తాను. ఇవి రెండు రకాలు, వీటిని కలిపెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం.

మొదటి రకం లోపం అన్ని భాషలదీ. హల్లులకు కుడి వైపున చోటు చాలక న, మ, వ ఎడమ వైపుకు, అచ్చుల కిందికి వచ్చాయి. మకారం సి మీద, నకారం వి మీద, వకారం బి మీద ఉన్నాయి. 'ని' రాయాలంటే వి మీట తరువాత ఎఫ్ మీట. రెండూ ఎడమ చూపుడు వేలివే. 'ను' రాయాలంటే వి తరువాత జి; అవీ ఆ వేలివే. 'నీ', 'నూ', 'వి', 'వు' అన్నీ అంతే. రాముని, నన్ను, వారిని, మీరు వస్తానన్నారని. ద్వితీయా విభక్తి లేకుండా, 'అని' లేకుండా తెలుగు వాక్యం ఎంత దూరం నడుస్తుంది? ఆ నడకంతా ఒక్క వేలి మీద పడింది. ఒడియాకు కూడా నకార మకారాలు ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఆ భాషలో కొట్టేవారి చూపుడు వేలు కూడా ఇదే బరువు మోస్తుంది.

రెండో రకం లోపం మనదీ, మన దక్షిణాది అక్కచెల్లెళ్ళదీ. సంస్కృతంలో, ఒడియాలో, హిందీలో హ్రస్వ ఎకార ఒకారాలకు వేరే గుర్తులు లేవు, తెలుగులో ఉన్నాయి. కాబట్టి నడి వరుసలోని మంచి చోట్లు ఏత్వానికి, ఓత్వానికి ఇచ్చి, ఎత్వాన్ని కింది వరుస చివర జెడ్ మీద, ఒత్వాన్ని ఒకటి అంకెకు ఎడమ పక్కన మూల మీట మీద సర్దారు. రెండూ ఎడమ చిటికెన వేలివే. పెళ్ళి, నెల, చెట్టు, తెలుగు, వెళ్ళు, చెప్పు, పెద్ద. కొండ, కొత్త, కొడుకు, పొలం, తొలి, మొదటి. మా ఆ అమ్మాయి వేలు ఎందుకు లాగిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఒడియాలో ఆ గుర్తులే లేవు కాబట్టి ఒడియా కొట్టేటప్పుడు ఆ వేలు అంత దూరం పోదు. మన రాష్ట్రం పేరే తీసుకోండి. ఒడియాలో ఆ పేరు దీర్ఘ ఓకారంతో మొదలవుతుంది, షిఫ్ట్ పట్టుకుంటే నడి వరుసలోని ఇంగ్లీషు ఎ మీట మీద ఎడమ చెయ్యి కదపకుండా వస్తుంది. అదే పేరు తెలుగులో 'ఒడిశా' అని హ్రస్వంతో మొదలవుతుంది కాబట్టి, కుడి చేత్తో షిఫ్ట్ పట్టి ఎడమ చిటికెన వేలిని మూలకు చాచాలి.

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి, ఎందుకంటే ఈ పని తలపెట్టే ప్రతివారూ అదే పొరపాటు చేసే ప్రమాదం ఉంది. మూలనున్న ఎత్వ ఒత్వాలను నడి వరుసకు తెచ్చి, అక్కడున్న ఏత్వ ఓత్వాలను మూలకు పంపితే సరిపోతుందని అనుకుని అలాగే మార్చుకున్నాను. అర్ధ గంట కొట్టేసరికి చెయ్యి మొరాయించింది. ఇంట్లో, ఊళ్ళో, జిల్లాలో, నీళ్ళతో, వస్తారో, కావాలో. తెలుగు విభక్తుల్లోనే ఓత్వం ఉంది! 'లో', 'తో' లేకుండా చిరునామా కూడా రాయలేం. నేను పదాలను చూసి మీటలను కదిపాను గాని వాక్యాలను చూడలేదు. ఆ రోజు నుంచి, నా దగ్గర పోగుపడిన అర్జీలు, ఉత్తరాలు, శుభలేఖలు ముందు పెట్టుకుని, లెక్క చూసుకోకుండా ఒక్క మీటను కూడా కదపకూడదని నియమం పెట్టుకున్నాను.

అలా చూసిన తరువాత నాకు తోచిన అమరిక ఇది. పై వరుసలో క్యూ మీద ఔత్వం, డబ్ల్యూ మీద ఐత్వం ఉన్నాయి. ఔత్వం తెలుగులో అరుదు; మనం 'అవును' అంటాం, 'అవుతుంది' అంటాం. కాబట్టి ఔత్వాన్ని మూలకు పంపి, క్యూ మీదికి ఒత్వాన్ని తేవాలి. ఐత్వం 'పై'లోనూ 'ముఖ్యమైన' వంటి మాటల్లోనూ వస్తుంది గాని ఎత్వమంత విరివిగా రాదు; దాన్ని జెడ్ మీదికి దింపి, డబ్ల్యూ మీద ఎత్వాన్ని ఉంచితే చిటికెన వేలి పని ఉంగరపు వేలికి పోతుంది. ఏత్వ ఓత్వాలు కదలవు. ఒడియా కొట్టే చేతికి ఉన్న అలవాటు కూడా దాదాపు చెదరదు, ఎందుకంటే మారినవి ఐ, ఔ మాత్రమే.

నకార మకారాల సంగతి వేరు. ఆ లోపం రెండు భాషలదీ కాబట్టి మందు కూడా రెండు భాషలకూ ఒకేసారి వెయ్యాలి. ఒక్క తెలుగులోనే మార్చుకుంటే, ఇన్‌స్క్రిప్ట్ మనకు ఇచ్చిన వరాన్ని మన చేతులతో మనమే పారేసుకున్నట్టు అవుతుంది. కుడి చేతి కింది వరుసలో కామా, చుక్క ఉన్నాయి. తెలుగు వాక్యంలో కామా, చుక్క ఎన్నిసార్లు వస్తాయి, నకార మకారాలు ఎన్నిసార్లు వస్తాయి? కామా చోటికి నకారాన్ని, చుక్క చోటికి మకారాన్ని తెచ్చి, కామాను వి మీదికి, చుక్కను సి మీదికి పంపాలి. ణకారం మకారంతోపాటే షిఫ్ట్‌లో వెళుతుంది; షకారం తన చోట, కొత్తగా వచ్చిన నకారంతో షిఫ్ట్‌లో ఉండిపోతుంది. ఇప్పుడు 'అమ్మ' కొట్టండి: అకారం ఎడమ చెయ్యి, మకారం కుడి ఉంగరపు వేలు, పొల్లు ఎడమ చెయ్యి, మకారం కుడి ఉంగరపు వేలు. 'అక్క' ఎలా వచ్చిందో 'అమ్మ' కూడా అలాగే వచ్చింది. 'ని', 'ను', 'మా' అన్నీ రెండు చేతుల మధ్యకు వచ్చాయి.

దీనికి మూల్యం లేకపోలేదు. ఇంగ్లీషు కూడా అదే పూట కొట్టేవారికి కామా, చుక్క తడబడతాయి. నాకు మొదటి రెండు వారాలు వాక్యం చివర చుక్కకు బదులు మకారం పడుతూ వచ్చింది. ఈ ఇబ్బంది భరించదగినదా కాదా అన్నది ఎవరి పనిని బట్టి వారు తేల్చుకోవాలి. వకారం బి మీదే ఉంది, దానికి నేను ఇంకా మంచి చోటు చూడలేకపోయాను.

తమిళ్99 నుంచి ద్విత్వపు ఏర్పాటును కూడా తెచ్చుకున్నాను. మకారం రెండు సార్లు కొడితే మ్మ అవుతుంది. 'మమత', 'లలిత' వంటి పేర్లు వచ్చినప్పుడు మధ్యలో అకారం మీట ఒకసారి కొడితే హల్లులు విడివిడిగా ఉండిపోతాయి. కీమ్యాన్ వంటి ఉచిత సాధనాలతో ఇలాంటి అమరికను ఎవరైనా తమ కంప్యూటర్లో తయారు చేసుకోవచ్చు. ప్రోగ్రాములు రాసే చదువు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

కుడి చిటికెన వేలిని మాత్రం నేను ఆదుకోలేకపోయాను. చ, జ, ట, డ, య, వాటి ఒత్తక్షరాలు, ఎంటర్, బ్యాక్‌స్పేస్, కుడి షిఫ్ట్ అన్నీ దాని నెత్తినే ఉన్నాయి. 'వచ్చాడు' అన్న మాటలో ఏడు దెబ్బలుంటే మూడు దానివే. కాని వర్గాల నిలువు వరుసను చెడగొడితే, వర్ణమాల వచ్చిన పిల్ల ఒక్క రోజులో కీబోర్డు గుర్తుపట్టే సౌలభ్యం పోతుంది. ఈ ఊళ్ళో పిల్లలు తెలుగు వర్ణమాలనూ ఒడియా వర్ణమాలనూ ఒకే వరుసలో నేర్చుకుంటారు. ఆ వరుసను వేళ్ళ సుఖం కోసం వదులుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. రెండు ముక్కలుగా విడిపోయి, బొటన వేళ్ళ కింద కూడా మీటలుండే కీబోర్డులు ఇప్పుడు వస్తున్నాయి. ఇంగ్లండులో లిలియన్ మాల్ట్ 1970ల్లోనే అలాంటి దాన్ని రూపొందించి, ఇంగ్లీషులో అన్నింటికంటే ఎక్కువగా వచ్చే ఇ అక్షరాన్ని బొటన వేలికి ఇచ్చారు. మన బొటన వేళ్ళు రెండూ కలిసి ఖాళీ మీట ఒక్కటే కొడుతున్నాయి. ఎంటర్‌ను, బ్యాక్‌స్పేస్‌ను వాటికి అప్పగిస్తే చిటికెన వేలికి కొంత ఊరట దొరుకుతుంది. అలాంటి కీబోర్డుల ధర తగ్గితే ఆ మార్గం తెరుచుకుంటుంది.

చివరగా, లెక్క పెట్టడానికి ఏ తెలుగును తీసుకోవాలన్న ప్రశ్న ఉంది. ఈ ఊళ్ళో నిలబడి ఈ ప్రశ్న అడగడం నాకు యాదృచ్ఛికంగా అనిపించడం లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే బడిలో పాఠాలు చెబుతూ, జనం నోట ఉన్న తెలుగే రాతలోకి రావాలని పోరాడారు. సవరల మధ్య తిరిగి, వాళ్ళ మాట విని, 1931లో సవర భాషకు వ్యాకరణం వెలువరించారు. గ్రంథాలను ముందు పెట్టుకుని లెక్క కడితే ఒక కీబోర్డు వస్తుంది, మనం మాట్లాడే తెలుగును ముందు పెట్టుకుంటే మరొకటి వస్తుంది. 'వెడలెను' అనే భాషలో నకారానికి ఉన్న పని వేరు, 'వెళ్ళాడు' అనే భాషలో డకారానికి ఉన్న పని వేరు. పత్రికల తెలుగు ఒక్కదాన్నే లెక్క పెట్టినా, ఫోనులో అమ్మకు రాసే తెలుగు, తహసీలు ఆఫీసుకు రాసే అర్జీ తెలుగు అందులోకి రావు.

డ్వొరాక్ పేటెంటు పొందిన ఆ 1936లోనే మన ప్రాంతం ఒడిశాలో చేరింది, ఆ సంవత్సరమే మంగెయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించారు. ఆ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కంప్యూటర్లో చోటు దొరకడం వేరు, చేతి కింద చోటు దొరకడం వేరు. ఆ లిపికి అమరిక కట్టేటప్పుడు, మనకు జరిగినట్టు పెద్ద భాషల చట్రంలో మిగిలిన మూలల్లో దాని సొంత ధ్వనులను సర్దకుండా, సవర పిల్లలు నిజంగా రాసుకునే మాటలతో లెక్క మొదలుపెట్టాలని నా విన్నపం.

వెనక బల్ల మీద రెండు కీబోర్డులు పెట్టాను, ఒకటి పాత అమరిక, ఒకటి నేను మార్చింది. రెండింటి మీదా మీ ఇంటి పేరు, మీ ఊరి పేరు, మీ అమ్మ పేరు కొట్టి చూడండి. ఏ వేలు ఎక్కడ ఇబ్బంది పడిందో పక్కనున్న పుస్తకంలో రాయండి. పేర్లు, ఫోను నంబర్లు చెరిపేసి, మీరు రాసిన పాత ఉత్తరాలు, అర్జీలు, తెలుగైనా ఒడియా అయినా సవర అయినా, నకలు ఇవ్వగలిగితే తీసుకుంటాను. వాటితోనే వచ్చే వారం నుంచి మళ్ళీ లెక్క మొదలుపెడుతున్నాను.